కాంపోజిట్ కాంపోనెంటును క్లాసు చూసి పోల్చుకోవద్దు

జె.ఎస్.ఎఫ్. (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) పేజీలో కాంపోనెంట్ ట్రీ, అంటే పేజీ భాగాలన్నీ ఉండే చెట్టు, అంతా తిరుగుతూ ఏది కాంపోజిట్ కాంపోనెంటో (కొన్ని భాగాలను కలిపి ఒక్కటిగా చేసినదో) ఎలా కనిపెట్టాలని అడిగారు. అది యూఐనేమింగ్‌కంటైనర్ (లోపలివాటి ఐడీల ముందు తన ఐడీని తగిలించే క్లాసు) అవునో కాదో చూస్తే చాలదా అన్నారు. చాలదు. అలా చూసే కోడుతో ఏళ్ల తరబడి కాపురం చేశాను కనుక గట్టిగా చెబుతున్నాను.

అది బీమా దరఖాస్తుల అప్లికేషన్. చిరునామా, నామినీ, పుట్టిన తేదీ, అన్నీ కాంపోజిట్లే. ఏ భాగంలో తప్పులున్నాయో పేజీ పైన ఒక పట్టీలో చూపేవాళ్లం. దానికోసం ఎవరో ఎప్పుడో రాసిన క్లాసు ట్రీని గాలించి, యూఐనేమింగ్‌కంటైనర్ దొరికితే కాంపోజిట్ అని లెక్కవేసేది. మామూలు కాంపోజిట్ రూట్ కాంపోనెంట్ ఆ క్లాసుదే కాబట్టి బండి నడిచింది. తర్వాత పుట్టిన తేదీని తిరగరాశారు. రోజు, నెల, సంవత్సరం మూడు డ్రాప్‌డౌన్లూ కలిసి ఒకే విలువ ఇవ్వాలి. అందుకని యూఐఇన్‌పుట్ (విలువ తీసుకునే కాంపోనెంట్ల మూల క్లాసు) నుంచి తీసిన సొంత క్లాసును కాంపోనెంట్‌టైప్‌గా ఇచ్చారు. అది నేమింగ్‌కంటైనర్ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తుంది, అంతేగాని యూఐనేమింగ్‌కంటైనర్ సంతానం కాదు. మరుసటి విడుదల నుంచి తేదీ తప్పులు పట్టీలోంచి మాయం. టెస్టింగ్ వాళ్లేమో తేదీ వాలిడేటర్ పనిచేయడం లేదని బగ్గు రాశారు. పాపం, ఏ దోషమూ లేని ఆ వాలిడేటర్‌ను ఒక జూనియర్ అమ్మాయి వరుస వరుసా విప్పి చూసింది.

ఆ తర్వాత మరొకరు గెట్‌ఫ్యామిలీతో, అంటే కాంపోనెంట్ ఏ జాతిదో చెప్పే మెథడ్‌తో, పోల్చారు. కాంపోజిట్‌కు నేమింగ్‌కంటైనర్ ఫ్యామిలీ ఉండి తీరాలి కాబట్టి తేదీ దొరికింది. కానీ ఆ తర్వాత పేజీలో చేరిన ఎఫ్:సబ్‌వ్యూ (పేజీలో ఒక భాగాన్ని వేరుచేసే ట్యాగు) ఫ్యామిలీ కూడా అదే! పట్టీలో పేరులేని ఖాళీ వరుసలు పుట్టుకొచ్చాయి.

ఇంత తంటా అక్కరలేదు. 2009లో వచ్చిన జె.ఎస్.ఎఫ్. 2.0 నుంచే యూఐకాంపోనెంట్‌లో ఈజ్‌కాంపోజిట్‌కాంపోనెంట్ అనే స్టాటిక్ మెథడ్ ఉంది. కాంపోజిట్‌ను తయారుచేసేటప్పుడే దాని ఆట్రిబ్యూట్లలో రిసోర్స్ కీ ఒకటి పడుతుంది, మెథడ్ చూసేది దాన్నే. ఆ కీని మీరే స్ట్రింగుగా రాసి వెతకకండి. 2020లో ఫేసెస్ (జె.ఎస్.ఎఫ్. కొత్త పేరు) 3.0 వచ్చినప్పుడు ప్యాకేజీ పేర్లలో జావాక్స్ కాస్తా జకార్తా అయింది, చేత్తో రాసుకున్న అలాంటి స్ట్రింగులు ఆ మార్పును తట్టుకోవు. లోపలి కాంపోనెంట్ నుంచి పైకి వెళ్లి దాని కాంపోజిట్‌ను పట్టాలంటే గెట్‌కాంపోజిట్‌కాంపోనెంట్‌పేరెంట్ ఉంది.

ఇంకొకటి, గెట్‌చిల్డ్రన్‌తో మాత్రమే తిరిగితే కాంపోజిట్ లోపలిదేదీ కనబడదు. ఇంప్లిమెంటేషన్ భాగమంతా ఒక ఫేసెట్ (పిల్లల జాబితాలో చేరకుండా పేరుతో విడిగా పెట్టే చోటు) కింద ఉంటుంది. గెట్‌ఫేసెట్స్‌అండ్‌చిల్డ్రన్ వాడండి, ఇంకా మంచిది విజిట్‌ట్రీ.

అసలు సగం ప్రాజెక్టుల్లో ఇన్ని కాంపోజిట్లు ఎందుకో నాకు అర్థం కాదు. ఒక లేబులు, ఒక ఇన్‌పుట్, పక్కన ఒక మెసేజి ఉంటే చాలు, దాన్ని కాంపోజిట్ చేసేస్తారు. ఆ పనికి ఫేస్‌లెట్స్ (జె.ఎస్.ఎఫ్. పేజీల టెంప్లేట్ భాష) ట్యాగ్ ఫైలు సరిపోతుంది. అది ట్రీలో తనకంటూ కాంపోనెంటును పెట్టదు, క్లయింట్ ఐడీలకు (బ్రౌజరుకు వెళ్లే ఐడీలకు) కొత్త పొర తగిలించదు. ఆ పుట్టిన తేదీలాగా పలు ఇన్‌పుట్లు ఒకే విలువకు కట్టుబడాల్సిన చోటే కాంపోజిట్ రాయండి. మీ ట్రీలో అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి, మిగతావి ట్యాగ్ ఫైళ్లుగా మారిస్తే వెతకాల్సినవే తగ్గిపోతాయి.