ఎడారిలో అల్పాకా ఫామ్‌కి పిల్లలతో వెళ్ళే ముందు

"నాలుగేళ్ళ బాబుతో ఎడారిలో ఉన్న అల్పాకా, లామా ఫామ్ చూడటానికి వెళ్దామనుకుంటున్నాం. అంత ఉన్నితో ఆ ఎండలో వాటికి కష్టం కాదా? మనుషుల మీద ఉమ్ముతాయంటారు, నిజమేనా?" అని అడిగారు. మేం మూడుసార్లు వెళ్ళాం. ఒక ఫామ్‌కి రెండుసార్లు, ఇంకోదానికి ఒక్కసారి. ఆ రెండో ఫామ్‌కి మళ్ళీ వెళ్ళలేదు, ఎందుకో కింద చెప్తాను.

ముందు ఎండ సంగతి. మీకొచ్చిన అనుమానం సరైనదే. అల్పాకాలు, లామాలు ఒంటె కుటుంబానికి చెందిన జంతువులు కాబట్టి ఎడారి వీటికి బాగా పడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అల్పాకాలు ఎక్కువగా బతికేది సముద్రమట్టానికి 3,500 మీటర్ల పైన. అక్కడ పగలు ఎండ చుర్రుమన్నా, రాత్రయ్యేసరికి నీళ్ళు గడ్డకట్టేంత చలి. ఆ ఉన్ని ఆ చలి కోసం. పొడి గాలి, ఎండుగడ్డి వీటికి అలవాటే, వేడి మాత్రం అలవాటు లేదు.

ఎడారిలో వీటికి కలిసొచ్చేది గాలిలో తేమ తక్కువగా ఉండటం. వీటిని పెంచేవాళ్ళు రఫ్‌గా ఒక లెక్క వేసుకుంటారు. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకి గాలిలో తేమ శాతం కలుపుతారు. మొత్తం 120 లోపుంటే పెద్దగా భయం లేదు, 180 దాటితే ప్రమాదం. అందుకే 95 డిగ్రీలుండి ఉక్కపోసే చోటు కంటే, 100 డిగ్రీలున్నా పొడిగా ఉండే చోటే వీటికి కాస్త నయం. అలాగని ఎండలో వదిలేస్తే తట్టుకోలేవు. నీడ, గాలి, ఎప్పుడూ చల్లటి నీళ్ళు, వేసవి ముదరక ముందే ఉన్ని కత్తిరించడం, ఇవన్నీ జరగాలి.

మొదటి ఫామ్‌లో చూసిన ఒక దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పొద్దున పదిన్నర దాటింది. వాటిని చూసుకునే ఆవిడ పైపు పట్టుకుని వచ్చి, ఒక గోధుమరంగు అల్పాకా పొట్ట కింద నీళ్ళు పట్టింది. అది కాళ్ళు ఎడంగా పెట్టి, కళ్ళు సగం మూసుకుని నిలబడిపోయింది. పొట్ట మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా ఇసుకలో పడి ఇంకిపోతున్నాయి. వెనక ఇంకో నాలుగు మెడలు చాచి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "వీపు మీద పోయొచ్చు కదా" అన్నాను. "వీపు మీద ఉన్ని దట్టం. తడిస్తే తడి దుప్పటి కప్పినట్టే, లోపలి వేడి బయటికి పోదు. పొట్ట కింద, తొడల లోపలి వైపు బొచ్చు పల్చగా ఉంటుంది, వేడి పోయేది అక్కడినుంచే" అంది. పదిహేను నిమిషాలు అక్కడే నిలబడి అన్నిటికీ అయ్యేదాకా చూశాను.

రెండో ఫామ్‌లో వేసవి మధ్యలో కూడా ఉన్ని కత్తిరించలేదు. ఒక తెల్ల అల్పాకా రేకుల నీడలో పడుకుని నోరు తెరిచి రొప్పుతోంది. అవి మామూలుగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి. నోరు తెరిచి రొప్పుతున్నాయంటే ఒంట్లో వేడి బాగా పెరిగిందని అర్థం. అక్కడి మనిషికి చెప్తే "అలవాటేలెండి" అన్నాడు. పొట్ట తడపమని బతిమాలి, ఆయన బకెట్ తెచ్చాక గానీ మేం కదల్లేదు. ఆ రోజు పిల్లలకి ఫొటోలు తీయబుద్ధి కాలేదు. మీరు కూడా టికెట్ కొన్నాం కదా అని మొహమాటపడకండి. అలాంటిది కనపడితే చెప్పండి, తిరిగి వచ్చేయండి.

ఇక ఉమ్మడం. ఉమ్ముతాయి, కానీ ఎక్కువగా వాటిలో అవే, మేత దగ్గర గొడవొచ్చినప్పుడు. చూలుతో ఉన్న ఆడది మగదాన్ని దగ్గరికి రానివ్వకుండా ఉమ్ముతుంది. మన మీద ఉమ్మిందంటే దాదాపు ఎప్పుడూ తప్పు మనదే. మా చిన్నది ముద్దొచ్చి ఒకదాని తల మీద చెయ్యి వేయబోయింది. అది చెవులు వెనక్కి అతికించింది, గడ్డం పైకెత్తింది. అదే హెచ్చరిక అని మాకు తెలియదు. సగం అరిగిన పచ్చగడ్డి పాప చొక్కా నిండా పడింది, ఆ వాసన రెండు ఉతుకులకి గానీ పోలేదు. తల ముట్టుకోవడం వీటికి అస్సలు నచ్చదు. మెడ కింది భాగాన్నో భుజాన్నో చేతి వెనకవైపుతో మెల్లగా తాకండి, అదీ అది దగ్గరికొస్తేనే. మీ బాబుని కాసేపు కూర్చోబెట్టండి. రెండోసారి వెళ్ళినప్పుడు మా పాప నేల మీద కదలకుండా కూర్చుంటే, ఒక పిల్ల అల్పాకా తనంతట తానే వచ్చి జుట్టు వాసన చూసింది.

మేత పెట్టేటప్పుడు అరచెయ్యి చాపి ఉంచాలి. పై దవడకి ముందు పళ్ళుండవు, గట్టి చిగురే. పై పెదవి మధ్యలో చీలి రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెండూ వేటికవే కదులుతూ చేతిలో గింజల్ని ఏరుకుంటాయి. చక్కిలిగిలి పెడుతుంది, నొప్పి ఉండదు.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. సీసా పాలు తాగి, తన జాతికి దూరంగా మనుషుల మధ్యే పెరిగిన మగది ఉందేమో అడగండి. చిన్నప్పుడు అది వెంటపడి తిరుగుతుంటే ఎంతో ముద్దుగా ఉంటుంది. పెద్దయ్యాక మనుషుల్ని కూడా పోటీకొచ్చిన మగవాటిలాగే చూసి గుద్దుతుంది, కరుస్తుంది. లామా అయితే 130 కిలోల పైనే ఉంటుంది కాబట్టి పిల్లలకి నిజంగా ప్రమాదం.

ఏది లామా, ఏది అల్పాకా అని బాబు అడిగితే చెవులు చూపించండి. లామా చెవులు అరటిపండులా పొడుగ్గా వంగి ఉంటాయి, అల్పాకావి చిన్నగా, బల్లెం మొనలా ఉంటాయి. లామాని బరువులు మోయడానికి, అల్పాకాని ఉన్ని కోసం మచ్చిక చేశారు. అన్నీ ఒకే చోటికెళ్ళి పెంటికలు వేస్తాయని కూడా చెప్పండి, పిల్లలకి అది తెగ నచ్చుతుంది.

వీలైతే ఫామ్ తెరిచే టైముకే వెళ్ళండి. అప్పుడు అవి చురుగ్గా ఉంటాయి. ఎండెక్కాక నీడ వదిలి రావు, రప్పించకూడదు కూడా. ఈనడం కూడా ఎక్కువగా పగటిపూటే, మధ్యాహ్నం లోపే. ఆండీస్‌లో రాత్రి చలి పడేలోపు పిల్ల ఒళ్ళు ఆరాలి కదా, ఆ అలవాటు ఎక్కడున్నా పోలేదు. కుక్క ఉంటే ఇంట్లోనే వదిలి వెళ్ళండి. ఎంత సాధువైనా సరే, దాన్ని చూడగానే మొత్తం గుంపు బెదిరిపోతుంది.