ఆయన ఆ మాట ఎవరితో అన్నారు?

చిరంజీవి బాబుకు,

ఆశీస్సులు. నా చిన్న కొడుకు ఈడు వాడివి కనుక నువ్వు అనే రాస్తున్నాను. పీవీ నరసింహారావు గారి ప్రసంగాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సగంలో కోపం వచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీసి పూర్తి చేశాను.

1991లో దేశం బంగారం తాకట్టు పెట్టిందన్న వార్త విని మీ నాయనమ్మ చెవి దిద్దులు తడుముకుంటూ, "మన ఇళ్లల్లోది కూడా అడుగుతారంటావా?" అన్న చోటు బాగుంది. దాన్ని ముట్టుకోవద్దు.

ఇక కోపం సంగతి. "ఒకచోట పాకిస్తాన్ మీద నిప్పులు చెరిగారు, మరోచోట కాశ్మీర్ స్వయంప్రతిపత్తికి ఆకాశమే హద్దు అన్నారు, ఈయనకు రెండు నాలుకలు" అని రాశావు. ఒకచోట అంటే ఏ చోట? మరోచోట అంటే ఎక్కడ? ఏ ఏడాది? ఎదురుగా ఎవరున్నారు? ఇవేవీ చెప్పకుండా ఒక మనిషిని రెండు నాలుకలవాడని తేల్చేశావు. తేదీ, చోటు, వినేవాళ్లు లేని మాట ఆకాశరామన్న ఉత్తరంతో సమానం. దాన్ని సాక్ష్యంగా పెట్టి ఎవరికీ శిక్ష వేయకూడదు.

మొదటి మాట 1994 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి అన్నది. అంతకుముందు ఆ ఏడాది ఏం జరిగిందో చూడు. ఫిబ్రవరి 22న పార్లమెంటు ఉభయసభలూ కాశ్మీర్ మీద ఏకగ్రీవంగా తీర్మానం చేశాయి. అప్పుడే జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ముందు మనల్ని దోషిగా నిలబెట్టాలని పాకిస్తాన్ తీర్మానం తెచ్చింది. దాన్ని ఎదుర్కోవడానికి పంపిన బృందానికి ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయి గారిని పెద్దగా పెట్టారు పీవీ. పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఆ వేడి ఇంకా చల్లారకముందే, ఇక మిగిలిన పనల్లా పాకిస్తాన్ తాను ఆక్రమించిన కాశ్మీర్‌ను ఖాళీ చేయడమేనని ఎర్రకోట నుంచి అన్నారు. ఇస్లామాబాద్ వినాలని అన్న మాట అది.

రెండోది 1995 నవంబర్ 4 నాటిది. ఆయన పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశంలో ఉన్నారు. కాశ్మీర్‌లో 1990 నుంచీ కేంద్రం పాలనే. ఎలాగైనా అక్కడ ఎన్నికలు పెట్టించాలని ఢిల్లీ తొందరపడుతోంది. జనం పోలింగ్ బూత్ దాకా రావాలంటే వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. స్వాతంత్ర్యం తప్ప మిగతావన్నీ మాట్లాడుకుందామన్న అర్థంలో ఆయన ఆ ప్రకటన చేశారు. ఇది శ్రీనగర్ వినాలని అన్న మాట. కొద్దిరోజులకే, ఎన్నికలకు ఇది సమయం కాదని ఎన్నికల సంఘం చెప్పేసింది. అసెంబ్లీ ఎన్నికలు 1996 సెప్టెంబర్‌లో గానీ జరగలేదు, అప్పటికి ఆయన ప్రధాని కారు.

ఇప్పుడు విమర్శించు, నేను అడ్డు రాను. కాశ్మీరీలకు అంత ఆశ చూపిన మనిషి, ఆ మాట సొంత గడ్డ మీద నిలబడి, పార్లమెంటులో ఎందుకు అనలేకపోయారని నిలదీయి. పరాయి దేశం నుంచి ఎందుకు చెప్పాల్సి వచ్చిందని అడుగు. నీ "రెండు నాలుకల" కంటే ఆ ప్రశ్న వెయ్యి రెట్లు పదునైనది. అది తేదీలోంచి, ఊరి పేరులోంచి పుడుతుంది.

ఆ రాత్రి నేను ఒక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో ఉన్నాను. ఏజెన్సీ కాపీ ఇంగ్లీషులో వచ్చింది. బుర్కినా ఫాసో ఎక్కడుందో డెస్క్‌లో ఎవరికీ తెలియదు. స్కూలు అట్లాసు తెప్పించి ఘానాకు పైన వేలు పెట్టి చూపించాను. ఊరి పేరు, దేశం పేరు మొదటి వాక్యంలోనే పెట్టి రాశాను. మా ఇన్‌ఛార్జి పెన్ను తీసి రెండూ కొట్టేసి, "విదేశీ పర్యటనలో ఉన్న ప్రధాని" అని మార్చారు. నోరు తిరగని పేర్లు పాఠకుడికెందుకయ్యా అన్నారు. గొడవపడ్డాను. పేజీ టైమైపోతోందని నన్ను పక్కకు జరిపారు. మర్నాడు మా జిల్లా పాఠకులకు ప్రధాని ఎక్కడున్నారో తెలియకుండానే పేపరు అచ్చయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

తరవాత పత్రికల్లోనూ అదే అనుభవం. 1991 జూన్ 22న, ప్రమాణ స్వీకారం చేసిన మర్నాడు, పీవీ గారు జాతినుద్దేశించి చేసిన ప్రసంగం మీద ఒక వారపత్రికకు పెద్ద వ్యాసం పంపాను. ఖజానాలో విదేశీ మారకం ఏ రెండు మూడు వారాల దిగుమతులకో సరిపోతుందనీ, అప్పటికే మే నెలలో 20 టన్నుల బంగారం దేశం దాటిందనీ, పార్లమెంటులో మెజారిటీ లేదనీ, ఆయన అప్పటికి ఎంపీ కూడా కాదనీ వరసగా చెప్పుకొచ్చాను. అలాంటి మనిషి టీవీ ముందు కూర్చుని, తాహతుకు మించి బతకడం ఇక కుదరదు, తేలిక దారులేవీ మిగల్లేదు అని జనానికి చెప్పడం ఎంత బరువైన పనో పాఠకుడికి తెలియాలని నా తాపత్రయం. ఎడిటర్ గారు ఆ వెనక కథంతా తీసేసి, బెల్టు బిగించుకోవాలన్న ఒక్క వాక్యాన్ని బాక్సులో పెట్టి, పక్కన ఫొటో వేశారు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే కోట్ కార్డులకు ఆ బాక్సే తాత. నీ వ్యాసంలో సగం వాక్యాలు ఆ కార్డుల్లోంచి దిగినవని నాకు అర్థమవుతూనే ఉంది.

ఇంకో ఫ్యాషన్ ఆయన మౌనం. మూతి ముడుచుకున్న ఫొటో పెట్టి, మౌనముని అనేసి, ఆయన మాట్లాడలేదు కాబట్టి తామే మాట్లాడతామని ప్రతివాళ్లూ మొదలుపెడతారు. నువ్వూ మూడో పేజీలో అదే చేశావు. ఆయన ప్రసంగాలను కేంద్ర ప్రచురణల విభాగం సంపుటాలుగా వేసింది. అవి తెరిచావా? లోక్‌సభ చర్చలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. మేం బైండు పుస్తకాల దుమ్ము పీల్చి దగ్గుతూ చేతిరాతతో ఎక్కించుకున్నవి నీకు వేలు కదిపితే దొరుకుతున్నాయి.

సోవియట్ సంగతి నువ్వు వదిలేశావు, అది చాలా పెద్ద లోటు. 1991 ఆగస్టు 19న మాస్కోలో సోవియట్ అధినేత గోర్బచేవ్ మీద కుట్ర జరిగింది. అదుపు లేకుండా మార్పుల వెంట పరిగెత్తేవాళ్లకు ఇదొక హెచ్చరిక అన్నట్టు మాట్లాడారు పీవీ. మూడు రోజుల్లో కుట్ర కూలిపోయింది, ఆయన మాట విమర్శల పాలైంది. అందరూ దాన్ని విదేశాంగ విధానంలో తప్పటడుగు అంటారు. ఒక్క నెల వెనక్కి వెళ్లి చూడు. జూలై 24న ఇక్కడ కొత్త పారిశ్రామిక విధానం, బడ్జెట్ ఒకేరోజు వచ్చాయి. సొంత పార్టీలోనే గొణుగుడు మొదలైంది. ఆ ఆగస్టు మాటలో నాకు వినపడేది ఢిల్లీ భయమే. మాస్కో పేరు చెప్పి ఆయన తన కాళ్ల కింద నేల తడిమి చూసుకున్నారని నా నమ్మకం. నువ్వు కాదనుకుంటే కారణం చూపించి రాయి.

ప్రచురణకర్తల గురించి, అవార్డుల గురించి అడిగావు. ముందు ఈ పని కానీ.

ఆఖరుది, నన్ను బాగా బాధపెట్టింది. 1992 డిసెంబర్ 6 గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది, "ఆ విషాదం ఆయన్ను కలచివేసింది" అని. అభిమానంతో రాశావు. ఆయన తెలుగువాడు, మనకు అభిమానం ఉంటుంది, నాకూ ఉంది. కానీ అయోధ్యలో బాబ్రీ మసీదు కూలిన వెంటనే దాన్ని మళ్లీ కట్టిస్తామని ప్రకటించింది ఆయనే. ఆ మాట దేశం మొత్తం వింది, ప్రపంచమూ వింది. అది నెరవేరలేదు. డిసెంబర్ 16న ఆ కూల్చివేత మీద విచారణకు లిబర్‌హాన్ కమిషన్‌ను వేసి మూడు నెలల్లో నివేదిక ఇమ్మన్నారు. అది 2009 జూన్ 30న వచ్చింది. అప్పటికి పీవీ గారు చనిపోయి నాలుగేళ్లు దాటింది. ఈ తేదీలను పక్కపక్కన పెట్టు. విశేషణం ఒక్కటీ వాడకు, కలచివేసింది లాంటివి అసలే వద్దు. ఆ మాట అన్న రోజు ముస్లిం ఇళ్లల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎవరు, వాళ్లు ఏం నమ్మారు అని వెతుకు. మీ ఊళ్లోనే ఆ రోజులు గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా ఉంటారు. వెళ్లి కూర్చో, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో.

ఆ భాగం రాశాక ఏ పత్రికకూ ఇవ్వకుండా ముందు నాకు పంపు. తేదీలు కొట్టేసే ఎడిటర్ల చేతిలో అది పడకూడదు.

ఇట్లు,
నీ మేలు కోరే
పాత డెస్క్ మనిషి