బాండింగ్ చేసిన పన్ను బ్లీచింగ్‌తో తెల్లబడుతుందా?

తెల్లబడదు, బాండింగ్ ముక్క (పంటికి అతికించే, పంటి రంగులో ఉండే ప్లాస్టిక్ లాంటి కాంపోజిట్ రెజిన్) రంగు అలాగే ఉండిపోతుంది. బ్లీచింగ్ జెల్‌లోని పెరాక్సైడ్ మీ సొంత పంటి మీదే పనిచేస్తుంది. కాంపోజిట్ రెజిన్ మాత్రం డాక్టరు ఆ రోజు ఏ షేడ్ ఎంచి, నీలం లైటు పెట్టి గట్టిపరిచారో అదే షేడ్. ముందు పన్ను మూల విరిగి బాండింగ్ చేయించుకున్నారు, తర్వాత పెళ్లి కోసం బ్లీచింగ్‌కి వెళ్లారనుకోండి, పళ్లన్నీ మెరుస్తుంటే ఆ మూల ఒక్కటే పసుపుగా, అతుకు వేసినట్టు కనిపిస్తుంది (ఫోటోల్లో మరీనూ). అందుకే ముందు బ్లీచింగ్, ఓ రెండు వారాలు ఆగి బాండింగ్. వెంటనే చేస్తే రెజిన్ గట్టిగా అతుక్కోదు.

రెజిన్‌కి మరకే పట్టదని చాలామంది అనుకుంటారు గానీ టీ, కాఫీ, సిగరెట్ మరకలు దానికీ పడతాయి. పాలిష్‌తో పైమరకలు కొంత పోతాయి, షేడ్ మారాలంటే మాత్రం తీసి మళ్లీ వేయించుకోవాల్సిందే.