కన్నా, ఆ పెన్‌డ్రైవ్ గుచ్చే ముందు పిన్ని ఉత్తరం చదువు

ఒరేయ్ కన్నా,

నువ్వు నీ గదిలోనే రికార్డింగ్ సెటప్ పెట్టుకుని సొంత పాటలు రిలీజ్ చేస్తానంటున్నావని అక్క చెప్పింది. ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను, ఎఫ్ కార్డ్ పట్టుకోలేక గిటార్ మంచమ్మీద పడేసి ఏడ్చిన పిల్లాడు ఇవాళ సొంత ట్యూన్లు కడుతున్నాడు. కానీ అక్క మాటల మధ్యలో "సాఫ్ట్‌వేర్లేవో ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాట్ట, వాటికి డబ్బులు పెట్టక్కర్లేదట" అంది చూడు, అక్కడ్నుంచి నాకు గుబులు పట్టుకుంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ముందు గేర్ సంగతి తొందరగా చెప్పేస్తా, ఇందులో నీకు తెలియనివి పెద్దగా లేవు. రికార్డింగ్‌కి ముందు కొత్త స్ట్రింగ్స్ వేసుకో, బాగా లాగి సాగదీసి మళ్ళీ ట్యూన్ చెయ్యి, ఇంటొనేషన్, అంటే మెడ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి సరిగ్గా పలుకుతోందా అని, చూసుకో. గిటార్‌ని, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, రెండు ఇన్‌పుట్లది నీకు చాలు. గిటార్ గుచ్చినప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కడం మర్చిపోకు, నొక్కకపోతే సౌండ్ డల్‌గా వస్తుంది, నువ్వేమో తప్పు గిటార్‌ది అనుకుని పికప్స్ మార్చడానికి బయల్దేరతావు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకో, అంతకంటే అక్కర్లేదు. వాయించేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 128 శాంపిల్స్ దగ్గర ఉంచు, ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే, మిక్సింగ్‌కి వచ్చాక పెంచుకోవచ్చు.

కరెంటు దగ్గర మాత్రం తొందరపడకు. పెడల్స్ చాలావరకు 9 వోల్టులు, సెంటర్ నెగటివ్, కానీ అన్నీ అలాగే ఉండవు, పాత జర్మేనియం ఫజ్‌లు కొన్ని దీనికి ఉల్టాగా ఉంటాయి, జాక్ పక్కనుండే గుర్తు చూడకుండా అడాప్టర్ గుచ్చకు. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ కనెక్ట్ చెయ్యకుండా ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఇంకొకటి, వెనకాల మూత విప్పి లోపల చెయ్యి పెట్టావని తెలిస్తే ఊరుకోను, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్ సంగతి.

మా బ్యాండ్‌లో బేస్ వాయించే మావయ్య గుర్తున్నాడా, నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఇల్లంతా తిప్పేవాడు. మనిషి బంగారం. మా రికార్డింగులన్నీ అతని లాప్‌టాప్‌లోనే జరిగేవి, మా అందరిలో కంప్యూటర్ బాగా తెలిసినవాడు అతనే కాబట్టి. మేమప్పుడు ఒక పూర్తి ఆల్బమ్ చేస్తున్నాం, ఎవరి ఉద్యోగాలు వాళ్ళకి ఉండేవి, సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని ఒక్కో టేక్ పోగేసుకున్నాం. ఆంప్ సౌండ్‌ని కంప్యూటర్‌లోనే ఇచ్చే ఒక ఆంప్ సిమ్ ప్లగిన్ మీద అతనికి మనసైంది, కొనేంత స్థోమత అప్పుడు మాలో ఎవరికీ లేదు, నెట్‌లో లైసెన్స్ లాక్ తీసేసిన దొంగ కాపీ, అదే క్రాక్ వెర్షన్, దించుకున్నాడు. దాంతోపాటు వచ్చిన టెక్స్ట్ ఫైల్‌లో "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి, క్రాక్‌ని అది పొరపాటున వైరస్ అనుకుంటుంది" అని రాసుంది. ఆపేశాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాడు. ప్లగిన్ బ్రహ్మాండంగా పనిచేసింది కన్నా, అసలు దెబ్బ అక్కడే తగిలింది, అది పనిచెయ్యకపోయి ఉంటే అనుమానమన్నా వచ్చేది.

కొన్నాళ్ళకి ఒకరోజు సెషన్ తెరుద్దామని చూస్తే ఫైల్ పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి, డబ్బు కట్టమని ఒక నోటు ఉంది. బ్యాకప్ లేదా అంటావేమో, ఉంది, ఎక్స్‌టర్నల్ డ్రైవ్, కాకపోతే అది ఎప్పుడూ లాప్‌టాప్‌కే గుచ్చి ఉండేది, దాంతోపాటే పోయింది. క్లౌడ్ ఫోల్డర్ ఆటోమేటిక్‌గా సింక్ అయ్యేది, పాడైన ఫైళ్ళే పైకెక్కి మంచివాటి మీద కూర్చున్నాయి, పాత వెర్షన్లు దాచే ఆప్షన్ ఎవరూ ఆన్ చేసి పెట్టలేదు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్లు కూడా ఎవరి చేతికో చిక్కాయి, బ్యాండ్ మెయిల్ పోయింది, ఆ మెయిల్‌తో మా పేజీ పాస్‌వర్డ్ రీసెట్ చేసుకున్నారు, మా పాటలు విన్న పాపానికి వాళ్ళందరికీ మా పేరుతోనే డబ్బులు అడుగుతూ మెసేజ్‌లు వెళ్ళాయి. మేం డబ్బు కట్టలేదు, కట్టినా ఫైళ్ళు తిరిగిస్తారన్న గ్యారంటీ ఎక్కడా లేదు.

లాప్‌టాప్ మళ్ళీ కొనుక్కున్నాం. గిటార్లు, పెడల్స్ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది మా సింగర్ గొంతు. ఆ తర్వాత ఆవిడకి గొంతు సమస్యొచ్చి పాడటమే మానేసింది, ఆవిడ పూర్తి బలంతో పాడిన టేకులు ఆ డ్రైవ్‌లోనే ఉండేవి. బేస్ మావయ్యని మేం ఒక్కమాట కూడా అనలేదు, అయినా అతను అందరితో కలవడం తగ్గించేశాడు, పిలిచినా ఏదో ఒక పని చెప్పేవాడు. ఒక ప్లగిన్ కోసం ఇంత జరిగిందిరా. నీ పాటల్లో నీ గొంతు, నీ చెయ్యి ఇవాళ ఎలా ఉన్నాయో రేపు అలా ఉండవు, ఆ టేక్ ఇంకెవరూ అమ్మరు, అందుకని గిటార్ కంటే ముందు ఫైళ్ళని కాపాడుకో అంటున్నా.

మా టైమ్ బాలేక ఇలా అయ్యిందిలే అనుకోకు. క్రాక్ చేసిన వీఎస్‌టీ అనే రకం మ్యూజిక్ ప్లగిన్లలో, మన కంప్యూటర్‌తో క్రిప్టో కాయిన్లు తవ్వించుకునే మైనర్ ప్రోగ్రామ్ దూర్చి పంచుతున్నారని 2019లో ఈసెట్ అనే సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టింది, దానికి లౌడ్‌మైనర్ అని పేరు పెట్టారు. విండోస్‌కీ ఉంది, మ్యాక్‌కీ ఉంది. ప్లగిన్‌తోపాటు ఒక వర్చువల్ మెషీన్, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది, నీ సిస్టమ్‌లో కూర్చుంటుంది, దాని లోపల బుల్లి లినక్స్ ఒకటి నడుస్తూ నీ ప్రాసెసర్‌తో వాళ్ళకి మొనెరో కాయిన్లు తవ్వి పెడుతుంది. మ్యూజిక్ వాళ్ళనే ఎందుకు పట్టుకున్నారంటే మన దగ్గర ప్రాసెసర్లు గట్టిగా ఉంటాయి, పైగా సీపీయూ ఎప్పుడూ బిజీగా ఉండటం మనకి మామూలే కాబట్టి ఫ్యాన్ మోగినా అనుమానం రాదు. మరుసటేడు 2020లో మ్యాక్‌ల మీద ఈవిల్‌క్వెస్ట్ అనే రాన్సమ్‌వేర్, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే రకం, వచ్చింది, అది పాకిన పైరేటెడ్ కాపీల్లో ఏబుల్టన్ లైవ్, మిక్స్‌డ్ ఇన్ కీ ఉన్నాయి. రెండూ మన సాఫ్ట్‌వేర్లే, చూశావా.

కాబట్టి ఏ ఇన్‌స్టాలర్ అయినా యాంటీవైరస్ ఆపమని అడిగిందంటే అక్కడే ఆగిపో. ఫ్రెండ్ మంచివాడే కావచ్చు, వాడికీ ఎవరో ఇచ్చిందే, మర్యాదగా వద్దని చెప్పు. డబ్బు లేదంటే దారులు ఉన్నాయి కన్నా. ఇంటర్‌ఫేస్ కొంటే చాలావాటితో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లైట్ వెర్షన్ ఫ్రీగా వస్తుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, లైసెన్స్ కూడా మిగతావాటితో పోలిస్తే చవకే. ఆంప్ సౌండ్ కోసం న్యూరల్ ఆంప్ మోడలర్ ఉంది, ఓపెన్ సోర్స్, పూర్తిగా ఫ్రీ, నిజం ఆంప్‌లని క్యాప్చర్ చేసిన మోడల్స్ జనం బోలెడన్ని పంచుకుంటున్నారు, నేనే విని ఆశ్చర్యపోయా. అయినా ఒక్క డర్ట్ సౌండ్, అదే డిస్టార్షన్, ఒక్క రివర్బ్ బాగా వాడటం వచ్చినవాడికి వంద ప్లగిన్లు దేనికి చెప్పు.

డబ్బు పెట్టి కొన్నది కూడా కలకాలం ఉంటుందని నమ్మకు. సోనార్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉండేది, కేక్‌వాక్ కంపెనీది, దాన్ని గిబ్సన్ 2013లో కొనుక్కుంది. 2016లో లైఫ్‌టైమ్ అప్‌డేట్స్ అని అమ్మారు, 2017 నవంబర్‌లో డెవలప్‌మెంటే ఆపేస్తున్నామన్నారు. 2018లో బ్యాండ్‌ల్యాబ్ వచ్చి కొనబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ప్రాజెక్టులు పెట్టుకున్నవాళ్ళ గతేంటి? యాప్ లేకపోతే సగం పనిచెయ్యని ఆంప్‌లూ పెడల్సూ ఇప్పుడు ఎన్నొస్తున్నాయో చూస్తున్నావుగా, కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకో, ఈ యాప్ రేపు లేకపోతే నాబ్ తిప్పి వాయించుకోగలనా అని.

అందుకే పాట పూర్తవ్వగానే ప్రతి ట్రాక్‌నీ మొదటి సెకను నుంచి చివరిదాకా వేవ్ ఫైల్‌గా బయటికి తీసి పెట్టుకో. గిటార్ అయితే ఎఫెక్ట్ లేని డ్రై సిగ్నల్ కూడా విడిగా రికార్డ్ చెయ్యి, పదేళ్ళ తర్వాత కూడా దాన్ని కొత్త ఆంప్‌లోకి పంపొచ్చు. ప్లేస్ పట్టదని బద్ధకించకు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 9 ఎంబీ లోపే, నాలుగు నిమిషాల పాటకి 20 ట్రాక్‌లున్నా 700 ఎంబీ దాటదు. మొత్తం మూడు కాపీలు ఉండాలి, లాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఒకటి, ఇంటికి దూరంగా క్లౌడ్‌లో ఒకటి. కాపీ అవ్వగానే డ్రైవ్ పీకి డ్రాయర్‌లో పెట్టు. పీకెయ్యి, మళ్ళీ చెప్తున్నా, పీకెయ్యి. క్లౌడ్‌లో పాత వెర్షన్లు దాచే ఆప్షన్ ఉందో లేదో చూసుకో. అప్పుడప్పుడు ఆ డ్రైవ్‌లోంచి ఒక పాట తెరిచి చూడు, తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మడానికి లేదు.

అకౌంట్లలో ముందు మెయిల్‌ని గట్టి చెయ్యి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీ ఇస్తే అదే పెట్టుకో, లేకపోతే ఆథెంటికేటర్ యాప్, ఎస్ఎంఎస్ ఓటీపీ చివరి ఆప్షన్, ఎందుకంటే సిమ్ మార్పించేసి ఆ మెసేజ్‌లు లాక్కునే దొంగలు ఉన్నారు. రికవరీ కోడ్లు కాగితం మీద రాసి అమ్మకివ్వు. ప్రతి అకౌంట్‌కీ వేరే పాస్‌వర్డ్, గుర్తుండదు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్, దానికి మాస్టర్ పాస్‌వర్డ్ బాగా పొడుగ్గా. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లో కస్టమర్ల పాస్‌వర్డ్లు దాచిన వాల్ట్ కాపీలే ఎత్తుకుపోయారు, లోపలి పాస్‌వర్డ్లు ఎన్‌క్రిప్ట్ చేసినవే అనుకో, కానీ అలాంటప్పుడు అడ్డం నిలబడేది ఆ మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. పాత లాప్‌టాప్‌లో ఇంకా విండోస్ 10 ఉంటే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటర్‌ఫేస్ డ్రైవర్ ఉందో లేదో చూసుకుని మారిపో.

పాట బయటికెళ్ళాక మెయిల్స్ మొదలవుతాయి, నాకు ఎక్కువ భయం అక్కడే, ఎందుకంటే మొదటిసారి ఎవరైనా "మీ పాట చాలా నచ్చింది" అంటే నువ్వు కరిగిపోతావు, నీ మనసు నాకు తెలుసు. కొలాబొరేషన్ అంటూ జిప్ ఫైల్ పంపిస్తారు, మా మ్యూజిక్ ప్లేయర్ డెమో వెయ్యండి అంటారు. యూట్యూబ్ క్రియేటర్లని సరిగ్గా ఇలాగే బుట్టలో వేస్తున్నారని 2021లో గూగుల్ వాళ్ళే చెప్పారు. అలా వచ్చిన మాల్వేర్ బ్రౌజర్‌లోంచి కుకీలు, అంటే నువ్వు లాగిన్ అయ్యావని గుర్తుంచుకునే చిన్న ఫైళ్ళు, ఎత్తుకుపోతుంది, కుకీ చేతికి చిక్కితే నువ్వు లాగిన్ అయ్యే ఉన్నట్టు లెక్క, పాస్‌వర్డూ అడగదు, కోడూ అడగదు. పాట వినమన్నవాళ్ళు లింక్‌లో వినిపించొచ్చు, ఇన్‌స్టాల్ చేసేది ఏమీ ఉండదు. స్ట్రీమ్స్ పెంచుతాం డబ్బులివ్వండి అనేవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వకు, ప్లాట్‌ఫామ్ పట్టుకుంటే పాటే తీసేస్తారు.

ఇంత చెప్పి నిన్ను భయపెట్టానా? నీకు చెవి ఉందిరా, ఆంప్‌లో హమ్ కాస్త మారితే పట్టేస్తావు, అదే చెవి కంప్యూటర్ మీద కూడా పెట్టు. 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ లాగిన్ అరసెకను ఎక్కువ తీసుకుంటోందేంటని తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఎవరో దాచిపెట్టిన దొంగదారి, అదే బ్యాక్‌డోర్, బయటపడింది, ప్రపంచమంతా వాడే లినక్స్ సర్వర్లలోకి అది పాకకముందే దొరికింది. ఏమీ చెయ్యనప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందంటే, సెషన్ ఊరికే ముక్కుతోందంటే, వదిలెయ్యకుండా ఎందుకో చూడు, అర్థం కాకపోతే రాత్రి ఎంతైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

ఇంటర్‌ఫేస్ కొనేముందు మోడల్ పేరు నాకు పంపు, నీ లాప్‌టాప్‌కి డ్రైవర్లు ఉన్నాయో లేదో నేనూ చూస్తా. మొదటి పాట గిటార్ డ్రై ట్రాక్ రెడీ అవ్వగానే నాకివ్వు, నా ట్యూబ్ ఆంప్‌లోంచి పంపి, మైక్ పెట్టి రికార్డ్ చేసి తిరిగి పంపిస్తా. నాకు పంపేది కాపీ మాత్రమే, ఒరిజినల్ నీ దగ్గరే ఉంచుకో.

నీ పిన్ని