మణికట్టు మీద ఎత్తు

ప్రశ్న: డిసెంబరులో పట్టాయా వెళ్లి స్కైడైవింగ్ ఏఎఫ్ఎఫ్ కోర్సు (శిక్షకులు పక్కనే ఉండి విమానం నుంచి దూకడం నేర్పేది) చేయాలనుకుంటున్నాను. ఎంత ఎత్తులో ఉన్నామో చూపే, చేతికి కట్టుకునే ఆల్టిమీటర్ ముల్లున్నది కొనాలా, డిజిటల్ కొనాలా? చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.
– ఓ పాఠకురాలు, గిరింపేట, చిత్తూరు

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండమ్మా. కోర్సులో మామూలుగా స్కూలు వాళ్లే ఇస్తారు. దానితో నేర్చుకున్నాక కొనుక్కోవచ్చు. అప్పుడు కూడా నేనైతే ముల్లు మీటరే కొనమంటాను.

13,000 అడుగుల ఎత్తులో విమానం వదిలారనుకోండి. మొదటి వెయ్యి అడుగులు పడడానికి 10 సెకన్లు పడుతుంది. వేగం నిలకడకొచ్చాక వెయ్యి అడుగులకు ఐదున్నర సెకన్లే. స్టూడెంట్లు 5,500 దగ్గర పారాచూట్ తెరవాలి. అంటే మీకున్నది ముప్పావు నిమిషం. ఆ గాలి హోరులో 7,350 అనే అంకె చదివి, ఇంకెంత మిగిలిందో లెక్కేసుకోవడం కష్టం. ముల్లు అలా కాదు. గోడ గడియారం వైపు ఓ చూపు చూసి బస్సుకు టైమైందని లేచినట్టే, ముల్లు ఏ మూలనుందో చూస్తే చాలు. అనుభవం వచ్చినవాళ్లు విసో లాంటి డిజిటల్ మీటర్లు వాడతారు. దూకినవన్నీ అదే రాసిపెట్టుకుంటుంది, మంచి పరికరమే. బ్యాటరీ మాత్రం చూసుకుంటూ ఉండాలి.

ముల్లు మీటర్లు కొన్నింటిలో 12,000 అడుగులకే ఒక చుట్టు పూర్తవుతుంది. 13,000 దగ్గర ముల్లు మళ్లీ 1 మీద ఉంటుంది. ముందే తెలియకపోతే విమానంలోనే గుండె జారుతుంది. ఇంకోటి, కొన్ని దేశాల్లో ఎత్తును అడుగుల్లో కాక మీటర్లలో లెక్కిస్తారు. మీరు అడుగుల్లో నేర్చుకుంటే అడుగుల డయలే కొనండి.

ఎడమ చేతికి కట్టండి. పారాచూట్ లాగేది కుడిచేత్తో కదా. చూసేటప్పుడు చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకోకూడదు, గాలి ఒకపక్క పట్టి ఒళ్లు తిరిగిపోతుంది. చెయ్యి ఉన్నచోటే ఉండాలి, చూపే దాని దగ్గరికి పోవాలి. ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని రోజూ ఓ పది నిమిషాలు అలవాటు చేసుకోండి.

దుబాయిలో పారాచూట్లు మడిచే పనికి వెళ్లి, అక్కడే దూకడం నేర్చుకున్నవాణ్ణి నేను. ఒకసారి వెల్లకిలా పడుతూ మీటరు చూశాను. 5,000 పైనే ఉంది, ఇంకా టైముందనుకున్నాను. బోర్లా తిరగ్గానే ముల్లు ఒక్కసారిగా 4,300కి పడింది. వెల్లకిలా ఉన్నప్పుడు చెయ్యి ఒంటికి పైన, గాలి ఒత్తిడి తగ్గిన చోట ఉంటుంది. ఒత్తిడి తగ్గితే ఎత్తు పెరిగిందనుకుంటుంది మీటరు, అందుకే అక్కడ వెయ్యి అడుగుల దాకా ఎక్కువ చూపించగలదు. ఆ ఏడెనిమిది వందల అడుగులంటే నాలుగు సెకన్లు. అప్పటినుంచి వెల్లకిలా ఉండగా చూసిన అంకెను నేను నమ్మలేదు.

ప్రశ్న: మా బావ అమెరికా నుంచి తన పాత ముల్లు మీటరు పంపాడు. బల్ల మీద కదపకుండా పెట్టినా పొద్దుటికీ సాయంత్రానికీ ముల్లు జరుగుతోంది. పాడైపోయిందా?
– ఓ విద్యార్థి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: లేదు బాబూ, అది చేయాల్సిన పనే చేస్తోంది. లోపల గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఉంటుంది. బయట గాలి ఒత్తిడి తగ్గితే అది ఉబ్బి ముల్లును తిప్పుతుంది. మన ప్రాంతంలో ఆ ఒత్తిడి రోజూ ఉదయం 10 గంటలప్పుడు ఎక్కువగానూ, సాయంత్రం 4 గంటలప్పుడు తక్కువగానూ ఉంటుంది. తేడా మూడు నాలుగు మిల్లీబార్లు (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). మిల్లీబారుకు దాదాపు 28 అడుగుల చొప్పున ఇంచుమించు వంద అడుగులు. మీ బల్ల ఉన్నచోటే ఉంది, మీటరు మాత్రం కొండెక్కుతోంది. అందుకే పొద్దున నేల మీద ముల్లును జరిపి పెట్టిన సున్నా సాయంత్రం దూకడానికి పనికిరాదు. విమానం ఎక్కే ముందు ప్రతిసారీ సున్నా పెట్టాలి.

పాత మీటరు గనుక ఇంకో పని చేయండి. అలిపిరిలో పాదాల మండపం దగ్గర సున్నా పెట్టి నడిచి కొండెక్కండి. 3,550 మెట్లు, రెండు వేల అడుగులకు పైనే ఎత్తు. గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు అద్దం మీద గోటితో మెల్లగా తట్టండి. ముల్లు ఉన్నచోటే ఉంటే మంచిదే. తట్టగానే గెంతితే లోపల ఎక్కడో పట్టేస్తోందని అర్థం. ఎండాకాలంలో అయితే అసలు ఎత్తు కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. వేడికి గాలి పల్చబడి, ఎక్కినంత ఎత్తుకు ఒత్తిడి తగ్గాల్సినంత తగ్గదు, దానికి కంగారుపడొద్దు. కిందికి దిగాక సున్నాకు వంద అడుగుల లోపు చేరాలి.

అయితే మెట్ల నడక ఎంతైనా నెమ్మది. సెకనుకు 180 అడుగుల చొప్పున పడేటప్పుడు ముల్లు వెనకబడుతుందో లేదో దాంట్లో తేలదు. దూకే ముందు ప్రెషర్ చాంబర్‌లో (గాలి ఒత్తిడిని మార్చే పెట్టెలో) పెట్టి పరీక్ష చేయించాల్సిందే. మీ బావను ఒక మాట అడగండి, అది ఎప్పుడైనా నీళ్లలో పడిందా, గట్టిగా దెబ్బ తగిలిందా అని. ఔనంటే అది షోకేసులో పెట్టుకోవడానికే.

ప్రశ్న: వీపు మీద ఆటోమేటిక్‌గా తెరిచే పరికరం ఉంటుంది కదా, ఇక మీటరు ఎందుకు?
– ఓ పాఠకుడు, తిరుచానూరు

జవాబు: సైప్రెస్ లాంటి వాటి గురించి మీరు అడుగుతున్నది. అనుభవజ్ఞులు వాడే సైప్రెస్, సుమారు 750 అడుగుల దగ్గర మనిషి ఇంకా వేగంగా పడుతుంటేనే రిజర్వ్ పారాచూట్ (అత్యవసరానికి ఉంచే రెండోది) తెరుస్తుంది. అక్కడినుంచి నేలకు నాలుగు సెకన్లు. స్పృహ తప్పినవాళ్లను కాపాడడానికి చేసిన పరికరం అది. ఎలాగూ అదే తెరుచుకుంటుందిలే అనుకుని దూకేవాళ్లతో నేను విమానం ఎక్కను.