సమాధానం: చాట్‌బాట్ దగ్గరే ఆగిపోయిన పేరు మార్పు దరఖాస్తు

ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పు కోసం మీరు పెట్టిన దరఖాస్తును మున్సిపాలిటీ చాట్‌బాట్ "పత్రాలు సరిపోలేదు" అంటూ తిప్పి పంపుతోందని, ముందుముందు అడగడానికి మనుషులే ఉండరేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. చాట్‌బాట్ చెప్పిందే తుది నిర్ణయం అనుకోకండి. న్యూయార్క్ నగరం 2023లో తెచ్చిన ఏఐ చాట్‌బాట్, షాపులు నగదు తీసుకోకపోయినా ఫర్వాలేదని చెప్పింది. అక్కడ 2020 నుంచే అది చట్టవిరుద్ధం!

చాట్‌లో మళ్లీ మళ్లీ అడగడం ఆపేయండి. స్క్రీన్‌షాట్, దరఖాస్తు నంబరు జతచేసి, ఏ పత్రం ఏ నిబంధన ప్రకారం సరిపోలేదో రాతపూర్వకంగా చెప్పమని సంబంధిత అధికారికి లేఖ ఇవ్వండి. రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. రేపు అప్పీలుకు వెళ్లాల్సి వస్తే తేదీతో సహా మీ చేతిలో ఉండే ఆధారం అదే. పత్రాల్లో పేరు స్పెల్లింగ్ తేడా ఉందా, స్కాన్ మసకగా వచ్చిందా అన్నది కూడా ఓసారి చూసుకోండి.

భవిష్యత్తు గురించి మీ భయం న్యాయమైనదే. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 22వ అధికరణం, పూర్తిగా యంత్రమే తీసుకున్న ముఖ్యమైన నిర్ణయాల విషయంలో మనిషి జోక్యం కోరే హక్కు ఇస్తోంది. ఆ హక్కు అందరికీ ఉండాలి. మీ లేఖలో కూడా "అధికారి స్వయంగా పరిశీలించాలి" అని స్పష్టంగా రాయండి.