జూడోనే కెరీర్ అంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆత్మరక్షణకు పనికొస్తుందని జూడోలో చేర్పించాం. ఇప్పుడు డిగ్రీ వద్దు, జూడోనే కెరీర్ అంటోంది. అసలు ఇది బయట పనికొస్తుందా? దీన్ని నమ్ముకుని బతకగలదా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: జూడోను తయారుచేసిన జిగోరో కానో చదువు మానేసిన మనిషి కాదమ్మా. బక్కపలచగా ఉండేవాడని తోటి పిల్లలు ఏడిపిస్తే, టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే జుజుత్సు అనే జపాన్ పాత యుద్ధవిద్య నేర్చుకున్నారు. అప్పటికి సమురాయ్ యోధుల కాలం పోయింది, ఆ విద్యకు గిరాకీ లేదు. పాత గురువుల్లో కొందరు విరిగిన ఎముకలు సరిచేస్తూ బతికేవారు. కానో అలాంటి వైద్యుల దగ్గర వాకబు చేసి, 1877లో ఒక గురువును పట్టుకున్నారు. 1882లో టోక్యోలోని ఎయ్‌షోజి ఆలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో కోదోకాన్ అనే తన జూడో శిక్షణాలయం మొదలుపెట్టేనాటికి ఆయన బడిపంతులు కూడా. ఇది మీ అమ్మాయికి చెప్పండి. జూడో పేరు చెప్పి డిగ్రీ ఎగ్గొడతానంటే ఆ పెద్దాయనే ఒప్పుకోడు!

ఇక ఆత్మరక్షణ సంగతి. కానో గుద్దులు, తన్నులు, మరీ ప్రమాదకరమైన పట్లను పోటీ సాధన నుంచి తీసేసి, ముందే అనుకున్న వరుసలో చేసే 'కతా'లకు పరిమితం చేశారు. దాంతో మిగిలినవాటిని, ఎదురుతిరిగే మనిషి మీద పూర్తి బలంతో రోజూ సాధన చేయొచ్చు. నా దృష్టిలో జూడో బలమంతా ఇక్కడే ఉంది. ముందు నేర్పేది పడటం: గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, అరచేత్తో చాపను చరచాలి. తల నేలకు కొట్టుకోదు. ఎవరైనా పట్టుకుని లాగితే వెనక్కి గుంజుకోకుండా, వాళ్లు లాగే వైపే అడుగేసి తూలేలా చేయడం తర్వాతి మెట్టు. కత్తి, కర్ర, పిస్తోలును ఎదుర్కోవడానికి కోదోకాన్ 1956లో గోషిన్‌జుత్సు అనే కతా రూపొందించింది. పోటీలకు తయారుచేసే కోచ్‌లు దాని జోలికి పెద్దగా వెళ్లరు, అడిగి చూడండి. అది నేర్చినా సరే, కత్తి కనబడితే పారిపోవడమే తెలివి.

ఉద్యోగాల విషయానికొస్తే, జూడో 1964లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది, మహిళలకు 1992 నుంచి పతకాలిస్తున్నారు. అందుకే స్పోర్ట్స్ కోటాలో దీనికి చోటుంది. కామన్వెల్త్ క్రీడల్లో రెండు రజతాలు గెలిచిన సుశీలాదేవి మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగి. అయితే బ్లాక్ బెల్టు ఒక్కటే చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. గుర్తింపు ఉన్న పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడిన సర్టిఫికెట్, పతకం కావాలి. రెండు రోజుల క్యాంపు పెట్టి బెల్టులు పంచేవాళ్ల దగ్గర డబ్బు పోగొట్టుకోకండి.

కోచ్ కావాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే డిప్లొమా మంచి దారి, దానికీ డిగ్రీ అడుగుతారు. బడిలో పీఈటీ అవ్వాలనుకుంటే ఇంటర్ తర్వాత డీపీఎడ్ (వ్యాయామ విద్య డిప్లొమా) ఉంది. డిగ్రీ చేశాక బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయొచ్చు. కాబట్టి కాలేజీ ఎంచుకునే ముందు, ఆ యూనివర్సిటీ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు మహిళల జూడో జట్టును పంపుతోందో లేదో ఫిజికల్ డైరెక్టర్‌ను కలిసి కనుక్కోండి.